కుంపటియు మూసిన తలుపును



బాలింతరాలి మంచము క్రింద నిప్పుల కుంపటి పెట్టుట నా చిన్ననాడు మా యింట చూచితిని. మా నాయనమ్మ బొగ్గులను పెరటిలో రాజబెట్టి, నివురు గప్పిన పిదపనే లోనికి దెచ్చెడిది. పొగ పోయినది గనుక ఇక భయము లేదని ఆమె నమ్మకము. అయినను తలుపు ఓరగా నుంచెడిది. కారణ మడిగిన “గాలి ఆడవలెనురా” అనెడిది. ఆమె నమ్మకము తప్పు, అలవాటు ఒప్పు. ఆ తప్పు చాల పాతది. చక్రవర్తులకు సైతము తప్పలేదు.

రోమను చక్రవర్తి జూలియన్, సింహాసన మెక్కక పూర్వము గాల్ దేశమును పాలించుచు, నేటి పారిసు నగరమైన లుటీషియాలో చలికాలము గడిపెను. ఆ యేడు నదిలో చలువరాతి పలకలవంటి మంచుగడ్డలు కొట్టుకొని వచ్చెనట. దేహమును కష్టమునకు అలవరచుకొనవలెనని పట్టుదల గల మనిషి. గది వెచ్చచేయవలదని ఆజ్ఞాపించెను. చలి హెచ్చగా కొలదిపాటి నిప్పులు మాత్రము తెప్పించెను. నిద్ర ముంచుకొని వచ్చెను. తల బరువెక్కి ఊపిరి యాడదయ్యెను. అతనిని బయటికి మోసికొని పోయిరి. వైద్యుల మాటపై వాంతి చేసికొని తేరుకొనెను. 363 లో ఇది అతడే వ్రాసికొన్న సంగతి. చిత్రమేమనగా, గోడలనుండి లేచిన ఆవిరియే తనకు అపకారము చేసెనని అతని యభిప్రాయము!

అతని తరువాతి చక్రవర్తి జోవియన్ 364 ఫిబ్రవరిలో, ఆసియా మైనరునందలి దాదస్తానలో రాత్రి పడుకొని మరి లేవలేదు. క్రొత్త సున్నపు వాసన యనియు, బొగ్గు నిప్పుల ఆవిరి యనియు, మితిమీరిన భోజన మనియు నాడే మూడు మాటలు పుట్టినవి. నాకు నిప్పులమీదనే అనుమానము. ఊపిరాడని వేళ మోసికొని పోవువారు ఇతనికి లేకపోయిరి.

ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడు. అది రక్తములోని ఎఱ్ఱకణములను పట్టుకొని ప్రాణవాయువునకు చోటు లేకుండ జేయునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు 1857 లో ప్రకటించెను. దాని పట్టు ప్రాణవాయువు పట్టుకంటె రెండువందల రెట్లకు మించినది. రంగు లేదు, వాసన లేదు. పొగ కన్ను మండించి లేపును; ఇది నిద్రపుచ్చును.

శాస్త్రమునకు తెలిసినంత మాత్రమున ఇంటికి తెలియలేదు. 1902 సెప్టెంబరు 28 రాత్రి పారిసులో నవలాకారుడు ఎమిలీ జోలా పడకగదిలో నిప్పు వేయించి తలుపులు మూసి పడుకొనెను. పొగగొట్టము పూడియున్నది. నడిరేయి దంపతు లిరువురికిని వికారము పుట్టెను. సేవకులను పిలుతమా యని భార్య యడుగగా, ఉదయమునకు సర్దుకొనునని ఆయన వారించెనట. ఉదయమున తలుపు తీసినవారికి ఆమె మాత్రమే ప్రాణముతో దక్కినది. పొగగొట్టమును ఎవరైన కావలెననియే మూసిరా యను అనుమానము నేటికిని తీరలేదు.

ఢిల్లీలోను హిమాలయ ప్రాంతములందును చలిరాత్రుల అంగీఠీ పెట్టుకొని పడుకొన్నవారి మరణవార్తలు ఇప్పటికిని పత్రికల కెక్కుచునే యున్నవి. చదువులకును కొలువులకును అచ్చటికి పోవు మనవారు పడుకొనబోవు ముందు నిప్పులను గది వెలుపల పెట్టవలెను. ఓరతలుపు చాలునని మా నాయనమ్మవలె నమ్మరాదు. ఇంటిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పియు వికారమును కలిగినచో, జోలావలె ఉదయమునకై ఆగక అందరును బయటికి రావలెను. ఈ వాయువును పసిగట్టి మ్రోగు యంత్రములు నేడు అంగళ్లలో దొరకుచున్నవి. ఇక పొగగొట్టములున్న యిండ్లవారు చలికి ముందే వానిని దులిపించుడు. గొట్టము మూసికొనుటకు పిట్టగూ డొకటి చాలును.