మోటారు ఇంజను దాహము: నీటినుండి గ్లైకాల్ వరకు

వేసవిలో వరంగల్లునుండి బయలుదేరిన లారీ ఏ చెరువుగట్టు కడనో ఆగుటయు, క్లీనరు డబ్బాతో నీరు తెచ్చి రేడియేటరులో పోయుటయు ఒకప్పుడు నిత్యము కనబడు దృశ్యము. ఆ నీటి స్థానమున నేడు ఆకుపచ్చని, ఎఱ్ఱని ద్రవములు వచ్చినవి. వీనినే కూలెంటు అందురు. ఈ మార్పు ఎట్లు వచ్చినది? వాడిన ద్రవము చివరకు ఎక్కడికి పోవుచున్నది?

పెట్రోలు మండగా పుట్టు వేడిలో సుమారు నాలుగవ వంతునుండి మూడవ వంతు వరకు మాత్రమే పనిగా మారును. మిగిలిన వేడి వెలికి పోవలెను. 1885లో కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిలో నీరు మరిగి ఆవిరియై పోవుటచేతనే ఇంజను చల్లబడెడిది. అందుచే మాటిమాటికి నీరు పోయవలసి వచ్చెడిది. 1900 ప్రాంతమున విల్‌హెల్మ్ మైబాక్ తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించెను. నీరు అందులో గాలికి చల్లారి మరల ఇంజనును చేరుటచే కొద్ది నీరే చాలినది.

చలిదేశములలో మరియొక చిక్కు వచ్చినది. గడ్డకట్టు నీరు సుమారు 9 శాతము వ్యాకోచించి ఇనుప దిమ్మెను పగులగొట్టును. మొదట నీటిలో ఆల్కహాలు కలిపిరి. అది త్వరగా ఆవిరియై పోయెడిది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వుర్ట్జ్ 1850ల దశకములో తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాల్, 1920ల చివర ఈ కొరత తీర్చినది. నీరు, గ్లైకాల్ సమపాళ్ళలో కలిసిన ద్రవము సున్నకు దిగువ సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గడ్డకట్టదు.

మంచు కురియని వరంగల్లులో ఇది ఎందులకని విద్యార్థి అడుగవచ్చును. ఆ మిశ్రమము సుమారు 107 డిగ్రీల వద్దగాని మరుగదు; రేడియేటరు మూత కలిగించు పీడనముచే మరుగు స్థానము ఇంకను పెరుగును. ద్రవములోని నిరోధకములు త్రుప్పును ఆపును. ఉత్త బోరునీరు పోసినచో సున్నము పేరుకొని గొట్టములు పూడును. అయితే నిరోధకములు కాలక్రమమున తరిగిపోవును, గ్లైకాల్ కొంత ఆమ్లముగా మారును. కావున తయారీదారు చెప్పిన గడువున, ఇంజను చల్లారిన పిదప, ద్రవమును మార్చవలెను.

అసలు సమస్య అప్పుడే మొదలగును. గ్లైకాల్ తీయగా నుండును, కాని విషము. కాలేయములో అది చివరకు ఆక్సాలికామ్లముగా మారి, కాల్షియముతో కూడి, మూత్రపిండములలో స్ఫటికములుగా నిలుచును. నేలపై పోసిన మడుగును కుక్కలు, పశువులు నాకవచ్చును, పిల్లలు ముట్టవచ్చును. వాడిన ద్రవములో లోహపు కల్మషములు కూడ చేరియుండును.

కాలువలో పోసినచో ఏమగును? గ్లైకాల్‌ను సూక్ష్మజీవులు విచ్ఛిన్నము చేయును గాని, అందుకు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకొనును. ఒక లెక్క చూడుడు. 62 గ్రాముల గ్లైకాల్ పూర్తిగా ఆక్సీకరణము చెందుటకు 80 గ్రాముల ఆక్సిజన్ కావలెను. 5 లీటర్ల సమపాళ్ళ మిశ్రమములో గ్లైకాల్ సుమారు 2.8 కిలోగ్రాములు, దానికి సుమారు 3.6 కిలోగ్రాముల ఆక్సిజన్ అవసరము. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో కరిగియుండు ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే. అనగా ఒక్క కారు ద్రవము సుమారు 4 లక్షల 80 వేల లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ను హరింపగలదు! చేపలు బ్రతుకుట ఎట్లు?

కాకతీయులు తమ రాజ్యములో గొలుసుకట్టు చెరువులను నిర్మించిరి. ఎగువ చెరువు అలుగు పారిన నీరు దిగువ చెరువును చేరును. నీటివలెనే కల్మషము కూడ ఆ దారినే ప్రయాణించును.

కావున పాత ద్రవమును మూతగల డబ్బాలో పట్టి, పేరు వ్రాసి, పిల్లలకు అందనిచోట ఉంచవలెను. త్రాగునీటి సీసాలో ఎన్నడును పోయరాదు. పాత ఇంజను నూనెతో కలిపినచో శుద్ధి కష్టమగును. విడిగా నున్న గ్లైకాల్‌ను శుద్ధిచేసి మరల వాడవచ్చును. ఆ డబ్బాను స్వీకరించు సర్వీసు కేంద్రమునకో, వ్యర్థములను శుద్ధిచేయుటకు అనుమతిగల సంస్థకో అప్పగించిన నాడే ద్రవము మార్చుపని ముగిసినట్లు.