పేస్టులో ఫ్లోరైడ్ ఎంత?

మీ టూత్‌పేస్టు మీద 'ఫ్లోరైడ్' అన్న మాట చూసే ఉంటారు. దాని కథ మచ్చల పళ్లతో మొదలైంది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే పలువురి పళ్లపై గోధుమరంగు మచ్చలు గమనించాడు. వింతేమిటంటే, ఆ పళ్లు అంత సులువుగా పుచ్చేవి కావు! మచ్చలకు కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. పళ్లను కాపాడినదీ అదేనని తరువాత రుజువైంది. మితిమీరితే అదే ఎముకలను దెబ్బతీస్తుందని 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించిన షార్ట్ బృందం వెల్లడించింది.

నోటిలోని బాక్టీరియా తీపిని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి ఎనామెల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. అవి తిరిగి చేరడానికి ఫ్లోరైడ్ తోడ్పడుతుంది. 1956లో క్రెస్ట్ అనే ఫ్లోరైడ్ పేస్టు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది.

పిల్లలు పేస్టును మింగుతారన్న భయంతో, పది లక్షల పాళ్లలో సుమారు 500 పాళ్లే ఫ్లోరైడ్ ఉన్న పేస్టులూ వచ్చాయి. మరి అది చాలునా? 2010 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం, ఫ్లోరైడ్ లేని పేస్టుతో పోలిస్తే 1000-1250 పాళ్ల పేస్టు పిల్లల్లో దంతక్షయాన్ని సుమారు 23 శాతం తగ్గించింది. 550, అంతకన్నా తక్కువ పాళ్లకు స్పష్టమైన లాభం కనిపించలేదు.

కనుక సాధారణంగా తగ్గించవలసింది పేస్టు గాఢతను కాదు, మోతాదును. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆరేళ్లదాకా బఠాణీగింజంత చాలు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో దంతవైద్యుని సలహా తీసుకోండి. ఈ రాత్రి మీ తమ్ముడి బ్రష్ మీద పేస్టు ఎంత ఉందో చూడండి!