కొయ్య బెర్లిన్‌కు, హక్కు ఊళ్లోనే

పపువా న్యూ గినీలో న్యూ ఐర్లండ్ అనే సన్నటి పొడవాటి దీవి ఉంది. ఆ దీవి ఉత్తర భాగంలోనూ, పక్కనున్న టబార్ దీవుల్లోనూ చనిపోయినవారి రుణం తీర్చుకునే పెద్ద కర్మను మలంగన్ అంటారు. అందుకోసం చెక్కే కొయ్యబొమ్మలకూ అదే పేరు.

మనిషి పోయిన నెలలకో ఏళ్లకో, విందుకు పందులూ చామదుంపలూ సమకూరాక ఈ కర్మ జరుపుతారు. ఆడవాళ్లూ పిల్లలూ చూడకుండా దడి కట్టుకుని శిల్పి పనిచేస్తాడు. పక్షీ పామూ చేపా మనిషీ ఒకదాన్నొకటి పెనవేసుకునేలా మెత్తటి కొయ్యను తొలుస్తాడు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులు వేసి, కళ్ల స్థానంలో సముద్రపు నత్త మూతలు పొదుగుతాడు. ఇంత శ్రమా కొద్ది గంటలో, కొద్ది రోజులో చూపడానికే. ఆ తర్వాత బొమ్మను కాల్చేస్తారు, లేదా వానకు కుళ్లనిస్తారు. నిమజ్జనమైన మట్టి వినాయకుణ్ణి మనం వెతుక్కోనట్టే, పని తీరిన బొమ్మతో వాళ్లకూ అవసరం లేదు.

వాళ్లు దాచుకునేది ఆ రూపాన్ని మళ్లీ చెక్కించే హక్కును. కర్మ జరిగేచోట పందులూ గుల్లల డబ్బూ ఇచ్చి, పదిమంది ఎదుట దాన్ని అందుకోవాలి. ఆ హక్కు లేనివాళ్లు ఆ రూపం జోలికి వెళ్లకూడదు.

సేకర్తలకు దారి దొరికింది ఇక్కడే. ఎలాగూ పారేసేదే కాబట్టి, 19వ శతాబ్దంలో ఓడల్లో వచ్చిన వ్యాపారులకు ఊరివాళ్లు బొమ్మలు అమ్మసాగారు. 1884లో దీవి జర్మనీ పాలనలోకి వెళ్లాక సేకరణ ఊపందుకుంది. ప్రభుత్వ యాత్రల్లో దొరికినవి ముందు బెర్లిన్ మ్యూజియానికే చేరాలని 1889లో నిబంధన పెట్టారు. 1907లో జర్మన్ నౌకాదళ పరిశోధక బృందం వచ్చింది. దాని నాయకుడు, నౌకా వైద్యుడు ఎమిల్ స్టెఫాన్ 1908లో అక్కడే కన్నుమూశాడు. అతని స్థానంలో అగస్టిన్ క్రేమర్ 1909 వరకు పని నడిపించి, 1925లో మలంగన్‌ల మీద పుస్తకం వెలువరించాడు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఆంద్రే బ్రెటన్ వంటి పారిస్ సర్రియలిస్టు కళాకారులు, న్యూ ఐర్లండ్ ఉన్న మెలనీసియా ప్రాంతపు శిల్పాలను అపురూపంగా చూశారు. కర్మసామగ్రి కళాఖండమై వేలంపాటలకెక్కింది.

వలస పాలన కింద జరిగిన ఆ బేరాలన్నీ సమానుల మధ్య జరిగినవి కావు. పైగా, ఎవరి కర్మకు చెక్కారో, హక్కు ఎవరిదో అడగకుండానే చాలా బొమ్మలు మోసుకుపోయారు. అడిగి రాసుకుంటే కర్మ కథంతా దక్కేది. రాసుకోని చోట కొయ్య ఒక్కటే మిగిలింది.

సాంస్కృతిక సంపద ఎగుమతిని అదుపు చేసే చట్టం పపువా న్యూ గినీలో 1965లో వచ్చింది. న్యూ ఐర్లండ్‌లో మలంగన్ కర్మలు నేటికీ జరుగుతున్నాయి. కొయ్యలు సముద్రాలు దాటినా హక్కులు ఊళ్లోనే ఉండిపోయాయి కదా! అందుకే పాత కర్మసామగ్రి కొనాలనుకునేవారు ధర కంటే ముందు మూడు సంగతులు అడగాలి: ఏ ఊరిది, ఎవరి కర్మకు చెక్కారు, ఏ పత్రాలతో దేశం దాటింది. వీటికి జవాబు లేని బొమ్మను కొనకండి.