తీగల క్రింది అయస్కాంతము: గిటారు పికప్పుల పుట్టుపూర్వోత్తరములు

పాత ఎలక్ట్రిక్ గిటారు నొకదానిని విప్పి, దాని కొయ్యను మాత్రము నిలుపుకొని, తక్కిన అంగములను క్రొత్తగా అమర్చుకొన బూనినవానికి అన్నిటికంటె గడ్డు ప్రశ్న పికప్పుల దగ్గర ఎదురగును. రంగు కంటికి సంబంధించినది; బిరడాలు, బ్రిడ్జి చేతికి సంబంధించినవి; నాదము మాత్రము తీగల క్రింద దాగియున్న చిన్న అయస్కాంతమును, దానిచుట్టును వేలకొలది చుట్లుగా పేనిన రాగితీగను ఆశ్రయించి యుండును. బ్లూసునకు, జాజునకు, గర్జించు రాక్ సంగీతమునకు ఒక్క వాద్యమే చాలవలెనని కోరువాడు అంగడి పట్టికను తెరచిన వందలకొలది పేర్లు కానవచ్చును; ప్రతి పేరు ప్రక్కనను 'బహుముఖము' అను విశేషణము వెలయుచుండును. ఆ విశేషణము ఎవరికి తగునో తేల్చుకొనవలెనన్న పికప్పు చరిత్రను మొదటినుండి తిరుగవేయవలసినదే. ఏలయన ఆ చరిత్రయందు ప్రతి నూతన నిర్మాణమును ఒక లోపమును తీర్చుచు మరియొక గుణమును హరించినది. హరించినదానిని వలసినపుడు తిరిగి ఈయగల పికప్పునకే బహుముఖమను పేరు చెల్లును.

ఇందలి మూలసూత్రము 1831లో మైకేల్ ఫారడే నిరూపించిన విద్యుదయస్కాంత ప్రేరణము. అయస్కాంతపు సమీపమున నుండుటచేత ఉక్కుతీగయు కొంత అయస్కాంతత్వమును పొందును; మీటగా ఆ తీగ కదలినపుడు కాయిల్ గుండా సాగు క్షేత్రము క్షణక్షణము హెచ్చుచు తగ్గుచు నుండును; ఆ హెచ్చుతగ్గులు రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తును పుట్టించును; యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరున కందించును. కనుక పికప్పు గ్రహించునది గాలిలోని ధ్వనిని కాదు, లోహపు కదలికను. నైలాను తీగల క్రింద ఎంతటి పికప్పు నుంచినను అది మూగయే యగును. చుట్ల సంఖ్య పెరిగినకొలది విద్యుద్బలము పెరుగును గాని, దానితోపాటు కాయిల్ యొక్క ఇండక్టెన్సును, చుట్టునకు చుట్టునకు నడుమ కెపాసిటెన్సును పెరిగి, నాదమునకు తళుకునిచ్చు పైస్థాయి స్వరాంశములు అణగిపోవును. బలము కోరిన తళుకు తగ్గును. తళుకు కోరిన బలము తగ్గును. పికప్పుల చరిత్ర యంతయు ఈ రెండింటి నడుమ సాగిన బేరమే.

ఈ సూత్రమును గిటారునకు అన్వయింపవలసిన అగత్యము 1920ల నాటి అమెరికా నృత్యశాలలలో కలిగెను. ఇత్తడి బాకాలును డ్రమ్ములును మ్రోగు మేళములో గిటారు వాయించువాని వ్రేళ్ళ కదలిక కనబడెడిది గాని నాదము వినబడెడిది కాదు. లాస్ ఏంజిలస్ నగరమున హవాయి పద్ధతి గిటారు వాయించు జార్జి బీచమ్, పాల్ బార్త్ అను సహచరునితో కలిసి ప్రయోగములు సలిపి, గుఱ్ఱపునాడా ఆకారముగల రెండు అయస్కాంతములు తీగలను చుట్టివచ్చునట్లు అమర్చి, వాని నడుమ కాయిల్‌ను నిలిపి, 1931లో తొలి పికప్పును సిద్ధపరచెను. హారీ వాట్సన్ కొయ్యతో చెక్కిన ఆ నమూనాకు గుండ్రని చిన్న దేహమును పొడవైన మెడయు నుండుటచే 'ఫ్రయింగ్ పాన్' అను పరిహాసనామమే స్థిరపడిపోయెను. అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ సహకారముతో 1932లో అల్యూమినియము పోతపోసిన వాద్యములు విపణికి వచ్చెను. బీచమ్ 1934లో దాఖలు చేసిన పేటెంటు అర్జీ 1937 ఆగస్టునకు గాని మంజూరు కాలేదు. ఈలోగా ఇతర సంస్థలు తమతమ మార్గములలో ఈ పనికే పూనుకొనెను.

వానిలో మిషిగన్ రాష్ట్రపు కలమజూ నగరమందలి గిబ్సన్ సంస్థ ముఖ్యమైనది. వాల్టర్ ఫుల్లర్ రూపొందించిన పికప్పుతో 1936లో అచ్చటినుండి ఇ.ఎస్.-150 గిటారు వెలువడెను. 1939లో బెన్నీ గుడ్‌మన్ మేళమున చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ వాద్యముపై శాక్సఫోనునకు దీటైన దీర్ఘ స్వరపంక్తులను పలికించి, 1942లో అకాలమరణము నొందినను, తాళమునకు తోడుగా మాత్రమే యుండిన గిటారును ప్రధానవాద్యముల సరసన కూర్చుండబెట్టి పోయెను. ఆ పికప్పునకు నేటికిని అతని పేరే వాడుకలో నున్నది. క్షణములో చల్లారు మీటునకు విద్యుత్తు దీర్ఘాయువు నొసగుట ఎంతటి మార్పో తెలుగువారు మరియొక వాద్యమూలమున ఎరిగిరి: 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ జంటతీగలను మాని ఐదు ఒంటితీగలు బిగించిన ఎలక్ట్రిక్ మాండొలినుపై కర్ణాటక సంగీతపు గమకములను సాగదీసి వాయింపగలుగుటకు పికప్పు ఒక ముఖ్యాధారము.

ఇదే కాలమున అయస్కాంతములును మారెను. జపాను దేశపు లోహశాస్త్రజ్ఞుడు టొకుషిచి మిషిమా 1931లో ఇనుము, నికెలు, అల్యూమినియముల మిశ్రమమునకు గొప్ప అయస్కాంతశక్తి కలదని కనుగొనెను. ఆ మార్గముననే కోబాల్టును చేర్చి తయారుచేసిన ఆల్నికో వాడుకలోనికి వచ్చినమీదట, బరువైన నాడాలు తీగలను క్రమ్ముకొని యుండవలసిన పని లేకపోయెను. 1946లో గిబ్సన్ సంస్థ తెచ్చిన పి-90 వెడల్పైన కాయిల్‌తో నిండైన, ఇంచుక గరుకైన నాదము నిచ్చెను. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు మరమ్మతు చేయుచు ఈ రంగమున ప్రవేశించిన లియో ఫెండర్, నిలువుగా పేర్చిన ఆరు ఆల్నికో కడ్డీల చుట్టును తీగ చుట్టించి, తీక్ష్ణమైన నాదమును సాధించెను. 1951 నాటి టెలికాస్టర్, 1954 నాటి స్ట్రాటోకాస్టర్ ఆ మార్గపు ఫలములు. స్ట్రాటోకాస్టరునకు మూడు పికప్పులును, మూడే స్థానముల స్విచ్చియు నుండెను; వాయించువారు ఆ స్విచ్చిని రెండు స్థానముల నడుమ ఇరికించి, రెండు పికప్పులు కలిసి పలుకు వింతనాదమును తామే కనుగొనిరి. 1977లో సంస్థ ఐదు స్థానముల స్విచ్చిని అమర్చుట వారి అనుభవమునకు ఆమోదముద్ర వేయుటయే. క్రొత్త పికప్పు లేకయే, ఉన్నవాని కలయికలో క్రొత్తనాదము దొరకునని లోకమునకు నేర్పినది ఆ ఇరికించిన స్విచ్చి.

ఈ పికప్పులన్నింటిని ఒక్క శాపము వెన్నాడుచుండెను. ఒంటికాయిల్ తీగ కదలికను గ్రహించునట్లే, చుట్టుప్రక్కల ట్రాన్స్‌ఫార్మరులును దీపములును వెదజల్లు క్షేత్రమునుకూడ గ్రహించును; అమెరికాలో సెకనుకు 60 ఆవృత్తులును, మనదేశమున 50 ఆవృత్తులును గల విద్యుత్తు స్పీకరులో ఎడతెగని రొదగా వినవచ్చును. గిబ్సన్ సంస్థలో యాంప్లిఫయరులను రూపొందించుచుండిన సెత్ లవర్ 1955లో దీనికి విరుగుడు కల్పించెను. ఆయన రెండు కాయిల్స్‌ను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకదానికి అయస్కాంతపు ఉత్తరధ్రువమును రెండవదానికి దక్షిణధ్రువమును తగులునట్లు చేసి, వానిని పరస్పర విరుద్ధముగా కలిపెను. వెలుపలి రొద రెండింట ఒకేరీతి పుట్టి, విరుద్ధముగా కలియుటచే రద్దగును; తీగవలన పుట్టు విద్యుత్తు మాత్రము ధ్రువభేదముచే ఒకసారియు, కలయికచే మరియొకసారియు తారుమారై, చివరకు కూడికయే యగును. హంబకర్ అను ఈ పికప్పునందు ఒక్కొక్క కాయిల్‌కు 42 గేజి తీగ సుమారు 5,000 చుట్లు పట్టును. రొద పోయినది, దానితో కొంత తళుకును పోయినది. రెండు కాయిల్స్ వరుసగా కలియుటచే ఇండక్టెన్సు పెరిగెను. ఒకే తీగను రెండు చోట్ల గ్రహించుటచే కొన్ని ఉన్నత స్వరాంశములు తమలో తామే చెరిగిపోయెను. మిగిలినది మెత్తని, బరువైన నాదము. గ్రెచ్ గిటారులకై రే బట్స్ ఇదే కాలమున ఇట్టి పికప్పునే వేరుగా రూపొందించుట, ఆ రొద ఎంతమందిని వేధించెనో చెప్పక చెప్పుచున్నది.

1957 నుండి గిబ్సన్ వారి లెస్ పాల్ గిటారులలో నిలిచిన హంబకర్ల అడుగున, పేటెంటునకు అర్జీ పెట్టియున్నామని తెలుపు చిన్న చీటీ నంటించెడివారు. ఆ ఆంగ్లవాక్యపు తొలి అక్షరములే 'పి.ఎ.ఎఫ్.' అను పేరై నిలిచినవి. 1959లో పేటెంటు లభించినది. తరువాత చీటీపై సంఖ్యను ముద్రించినపుడు మాత్రము, పికప్పు పేటెంటునకు మారుగా, ఆ గిటారునకు పేరిచ్చిన లెస్ పాల్ తీగలు బిగించు అమరికపై పొందిన వేరొక పేటెంటు సంఖ్య అచ్చుపడెను. పోటీదారులను దారి తప్పించుటకే అట్లు చేసిరని కొందరి ఊహ. ఆనాటి పనివారు చుట్ల సంఖ్యను కచ్చితముగా పాటింపలేదు. అయస్కాంతములును ఒకే జాతివి కావు. అందుచే ఏ రెండు పి.ఎ.ఎఫ్.లును ఒక్కరీతి పలుకవు. నేడు 'అసలైన పి.ఎ.ఎఫ్. నాదము' అను ఒకే మాటతో ఇన్ని సంస్థలు ఇన్ని భిన్నమైన పికప్పుల నమ్ముట కిదియే హేతువు.

సాదా గిటారునకు పికప్పును తగిలించుకొను ఆచారము 1930లలోనే, హారీ డిఆర్మండ్ నిర్మించిన పికప్పులతో ఆరంభమైనది. ఉన్నదానిని ఊడదీసి మరియొకదానిని నిలుపు వ్యాపారము మాత్రము 1970లలోనే పుట్టెను. 1966లో జాన్ మేయాల్ బృందముతో ఎరిక్ క్లాప్టన్ చేసిన రికార్డు, హంబకర్‌ను మార్షల్ యాంప్లిఫయరు తట్టుకొనలేనంత బిగ్గరగా మ్రోగించిననాడు పుట్టు భగ్ననాదముపై యువకులకు వ్యామోహము కలిగించెను. న్యూయార్కులో గిటారుల మరమ్మతు వృత్తిలో నుండిన లారీ డిమార్జియో, బలమైన సిరామిక్ అయస్కాంతముతో, యాంప్లిఫయరును వెంటనే ఆ స్థితికి నెట్టగల 'సూపర్ డిస్టార్షన్' పికప్పును నిర్మించెను. లండనులో జెఫ్ బెక్ కొరకు టెలికాస్టర్‌లో హంబకర్లు నమర్చి యిచ్చిన సేమర్ డంకన్, 1976లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో సంస్థను స్థాపించెను, దాని 'జె.బి.' పికప్పు నేటికిని మార్పిడి పికప్పులలో అగ్రశ్రేణిది. ఎడ్డీ వాన్ హేలెన్ గిబ్సన్ గిటారునుండి తీసిన హంబకర్‌ను కరగిన మైనములో ముంచి, అధికధ్వనిలో అది కూతపెట్టకుండ చేసి, స్ట్రాటోకాస్టర్ ఆకారపు దేహములో బిగించెను. 1978 నాటి తొలి ఆల్బముతో ఆ సంకరవాద్యము జగద్విఖ్యాతమై, స్వయముగా గిటారును కూర్చుకొను అలవాటునకు ప్రాణము పోసెను.

కాని బలము పెరిగినచోట సూక్ష్మత తరిగెను; కూరలో కారము హెచ్చినచో తక్కిన రుచులు నాలుకకు తెలియనట్లు, అతిబలమైన పికప్పులో తీగ తీగకు గల భేదము మరుగుపడును. దీనికి పరిష్కారము ఏ క్రొత్త అయస్కాంతమువలనను గాక, పికప్పు వెనుకనుండి వచ్చు కనెక్షను తీగల సంఖ్యవలన లభించుట విశేషము. సెత్ లవర్ హంబకర్‌లో రెండు కాయిల్స్ లోపలనే శాశ్వతముగా కలిసియుండి, వెలుపలికి ఒక్క తీగయు, దానిపై లోహపు అల్లికయు మాత్రమే వచ్చెడివి. నాలుగు కొనలును విడివిడిగా వెలుపలికి వచ్చినమీదట, వరుసగా కలిపి నిండైన నాదమును, సమాంతరముగా కలిపి రొదలేని తేలికనాదమును, ఒక కాయిల్‌ను మాపి ఒంటికాయిల్‌ను పోలిన తీక్ష్ణనాదమును, పైకి లాగిన పనిచేయు నాబులతో పొందవచ్చును. సుమారు 8 కిలోఓముల పి.ఎ.ఎఫ్. తరహా పికప్పును సగము చేసిన మిగులు కాయిల్ పేలవముగా పలుకును. 16 కిలోఓములకు పైబడిన జె.బి.ని సగము చేసిన మిగులునది సాధారణ ఒంటికాయిల్‌కు తీసిపోదు. ఉగ్రతకై పుట్టిన పికప్పే సౌమ్యతను మెరుగుగా తిరిగి ఈయగలుగుట ఈ చరిత్రలోని చమత్కారము. అయితే సగము చేసిన మరుక్షణమే పాత రొదయు తిరిగి వచ్చును. రొద గిట్టనివాడు సమాంతరపు కలయికను కోరవలెను.

కనుక గిటారును పునర్నిర్మించువాడు పికప్పు పేరును గాక, తన వాద్యమునకు కొరవడినదేదో ముందు గుర్తింపవలెను. ఓముల సంఖ్యతో మాత్రమే బలమును నిర్ణయింపరాదు; జె.బి.లో వాడునది 44 గేజి సన్ననితీగ, సన్ననితీగకు నిరోధము సహజముగనే యెక్కువ. బ్రిడ్జి దగ్గర తీగ ఊపు తక్కువ గనుక అచ్చట బలమైనదానిని, మెడ దగ్గర ఊపు ఎక్కువ గనుక అచ్చట స్వచ్ఛమైనదానిని నిలుపుట మేలు, జె.బి.కి మెడ దగ్గర అదే సంస్థవారి 'జాజ్' జతకూడుట ఈ న్యాయముననే. ఫెండర్ తరహా బ్రిడ్జిలో తీగల ఎడము విస్తారమగుటచే, గిబ్సన్ కొలతకు చేసిన పికప్పు ధ్రువముక్కలు తీగలకు సరిగా అడుగున రాకపోవచ్చును. అందుకే సంస్థలు రెండు కొలతలలోను పికప్పులను తయారుచేయుచున్నవి. హంబకర్లకు 500 కిలోఓముల వాల్యూము కంట్రోలు, ఒంటికాయిల్స్‌కు 250 కిలోఓములది వాడుట ఆచారము. తక్కువ విలువగల కంట్రోలు పైస్థాయి నాదమును హరించును గనుక, మందకొడి హంబకర్‌కు అది మరింత భారమగును.

ఊడదీసిన పికప్పును పారవేయరాదు. 1970లలో క్రొత్త బలమునకై ఆశపడి పలువురు తమ లెస్ పాల్ గిటారులనుండి పీకివేసిన పి.ఎ.ఎఫ్.లకే నేడు సంగ్రాహకులు పెద్దమొత్తములు చెల్లించుచున్నారు. ఒక తరమువారు లోపమని తలచినదానిని మరియొక తరమువారు గుణమని వెదకుట పికప్పుల లోకమున నిత్యకృత్యము. తీసినదానిని చీటీ కట్టి దాచుకొన్నవాడు, తన మనస్సు మారిననాడు, వెల చెల్లింపకయే మరల దానిని అమర్చుకొనగలడు.