కృష్ణకు ఆవలి గట్టున ఫుట్‌బాల్

వినుకొండ నుండి శ్రోత ఒకరు మాకు ఉత్తరము వ్రాసినారు. అందు రెండు ప్రశ్నలున్నవి. ధనమునందును, జనబలమునందును, వ్యాయామశాలల సంఖ్యయందును ముందువరుసన నున్న అమెరికా, ఫుట్‌బాల్ ఆటలో ఐరోపాలోని చిన్న దేశములకు సైతము వెనుకబడుటకు కారణమేమి అన్నది మొదటిది. మన తెలుగునాటికి ఆ ఆటతో ఎన్నడైనను సంబంధము కలదా అన్నది రెండవది. రెంటికిని వేరువేరుగా జవాబు చెప్పవచ్చును. కాని ఆలోచించిన కొలదియు అవి రెండును ఒకే ప్రశ్న యని మాకు తోచినది.

ముందుగా అంకెలు చూతము. 1930 మొదలు 2022 వరకు పురుషుల ప్రపంచ కప్పు పోటీలు 22 పర్యాయములు జరిగినవి. పండ్రెండు సారులు ఐరోపా దేశములును, పది సారులు దక్షిణ అమెరికా దేశములును గెలిచినవి. అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఒక్కసారియు ఆ కప్పు దక్కలేదు. సుమారు నలువది లక్షల జనము గల క్రొయేషియా 2018లో ఫైనలు చేరి, 2022లో మూడవ స్థానము పొందినది. అంతకంటెను చిన్నదైన ఉరుగ్వే 1930లోను, 1950లోను జగజ్జేత యైనది. 2011 జనాభా లెక్కలలో మన పాత గుంటూరు జిల్లాలోనే సుమారు 49 లక్షల మంది ఉన్నారు. కనుక తలల లెక్కతో తేలు వ్యవహారము కాదిది.

మరి దేనితో తేలును? ఆ ఆట జనుల నిత్యజీవితములో ఎంత లోతుగా నాటుకొన్నది అన్నదానితో. ఈ మాట పల్నాటివారికి విప్పి చెప్పనక్కరలేదు. తిరునాళ్లలో ఎడ్ల బండలాగుడు పందెము జరుగునప్పుడు తండ్రి భుజముపై కూర్చున్న పదేండ్ల బాలుడు సైతము, ఏ జత మొదట ఉరికి తరువాత డస్సిపోవునో, ఏ జత నిదానముగా లాగి బండను చివరికంట చేర్చునో చెప్పగలడు. వానికి ఆ విద్య ఏ బడిలోను నేర్పలేదు. మూపురము తీరు, గిట్టల పట్టు, తోలువాని అదలింపు వాడు చూచుచు పెరిగినాడు. నేపుల్సులోను, బుడాపెస్టులోను, మాంటెవీడియోలోను పిల్లవాడు బంతిని గూర్చి ఎరుగునది ఇట్టి ఎరుకయే. వీధికి ఒక జట్టు, పేటకు ఒక క్లబ్బు, ఆదివారము తాత మొదలు మనుమని వరకు మైదానపు గట్టున నిలుచుట: ఇవి ఉన్నచోట దేశపు జట్టును ప్రత్యేకముగా తయారుచేయ నక్కరలేదు, ఏరుకొన్న చాలును.

అమెరికాలో ఈ నేల బొత్తిగా లేదనుట పొరపాటు. అది అక్కడక్కడ మడులు మడులుగా ఉండెను. స్కాట్లండు, ఇంగ్లండుల నుండి బ్రతుకుదెరువుకై వచ్చిన నూలుమిల్లు కార్మికులు ఫాల్ రివర్, కెర్నీ వంటి ఊళ్లలో తమతోపాటు ఈ ఆటను తెచ్చుకొన్నారు. 1930లో మొదటి ప్రపంచ కప్పున అమెరికా జట్టు బెల్జియమును 3-0గా, పరాగ్వేను 3-0గా ఓడించి సెమీఫైనలు చేరినది. పరాగ్వేపై ఆ మూడు గోళ్లను ఒక్కడే చేసిన బెర్ట్ పేటెనాడ్ ఫాల్ రివర్ వాడే. సెమీఫైనలులో అర్జెంటీనా 6-1గా గెలిచినది.

ఇరువదేండ్ల పిమ్మట, 1950 జూన్ 29న, బ్రెజిల్‌లోని బెలో హారిజాంటే నగరమున ఇంకొక వింత జరిగినది. ఆటకు పుట్టినిల్లయిన ఇంగ్లండును అమెరికా 1-0గా ఓడించినది. ఆనాటి పదునొకండుగురిలో ఐదుగురు సెయింట్ లూయిస్ అను ఒకే ఊరివారు. అందు నలుగురు ఆ ఊరిలోని ఇటలీవారి పేటలో పెరిగినవారు. గోలు చేసిన జో గేట్‌జెన్స్ హైతీ దేశము నుండి వచ్చినవాడు. ఆ గోలుకు దారితీసిన బంతిని కొట్టిన వాల్టర్ బార్ ఫిలడెల్ఫియాలో బడిపంతులు. మిగిలిన అమెరికాకు ఆ ఆట జరిగిన సంగతియే పట్టలేదు. ఆ మడులకు నీరు పెట్టినవారు లేరు. తరువాత నలువది సంవత్సరములు, 1990 వరకు, ఆ దేశము ప్రపంచ కప్పు పోటీలలో అడుగుపెట్టలేకపోయినది.

ఇదే దేశపు మహిళల జట్టు సంగతి చూడుడు. 1972లో చేసిన చట్టము విద్యాసంస్థలలో బాలికలకు ఆటలయందును సమానావకాశము కల్పించినది. బడిబడిన బాలికలు బంతి ఆడిరి. 1991, 1999, 2015, 2019 సంవత్సరములలో ప్రపంచ కప్పు వారిదే. ఇంతకంటె తేటయైన ఋజువు మాకు కనబడలేదు.

ఇంగ్లండు ఓడిన ఆ 1950 పోటీలకు భారతదేశమునకును పిలుపు ఉండెను. మనవారు వెళ్లలేదు. కాని మనకును సెయింట్ లూయిస్ వంటి ఊరు ఒకటి ఆ దినములలోనే సిద్ధమగుచుండెను. అది హైదరాబాదు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో అక్కడ పుట్టినారు. వృత్తిచే ఉపాధ్యాయులు. రహీం సాహెబు అన్న పేరుతోనే ఆ నగరము ఆయనను ఎరుగును. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆయన చేతిలో ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచినది. కుర్రవాండ్రకు అలవాటు లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఆయన పెట్టెడివారు. ఒక్క కాలినే నమ్ముకొన్నవాడు సగము ఆటగాడే యని ఆయన పద్ధతి. చక్కగా ఆడిన పేదయింటి బాలునికి పోలీసుశాఖలో కొలువు దొరకు ఆశ ఉండెను. గురువు, మైదానము, కొలువు ఒక్కచోట కలిసినవి.

1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మనవారు 10-1గా ఓడిరి. పలువురు ఉత్త పాదములతో ఆడిన ఆట యది. నాలుగేండ్లకు, మెల్బోర్నులో, అదే రహీం శిక్షణలో, 1956 డిసెంబరు 1న, ఆస్ట్రేలియాను దాని సొంతగడ్డపైననే 4-2గా గెలిచి ఒలింపిక్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదయినది. ఆనాడు మూడు గోళ్లు చేసిన నెవిల్ డిసౌజా బొంబాయి ఆటగాడు. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం మొదలగువారు హైదరాబాదువారు. సెమీఫైనలులో యుగోస్లావియా 4-1గాను, మూడవ స్థానపు ఆటలో బల్గేరియా 3-0గాను గెలిచి మనకు పతకము లేకుండ చేసినవి. అయినను 10-1 నుండి 4-1కు వచ్చిన దూరము తక్కువది కాదు.

ఈ తేదీని వినుకొండ శ్రోత మరియొక విధముగా చూడవలెను. ఆంధ్రప్రదేశ్ అవతరించినది 1956 నవంబరు 1న. అనగా వినుకొండయు హైదరాబాదును ఒకే రాష్ట్రములో చేరి సరిగా నెల నాటికి ఆ విజయము. కీర్తి కృష్ణ దాటి మనకు వచ్చినది, ఆట మాత్రము రాలేదు. సికింద్రాబాదు దండువిడిదిలో ఆంగ్ల సైనికులు నాటిన ఆట అది. అచ్చటి పేటలలో ఉర్దూ, అరవము, తెలుగు మాటలాడువారు దానిని పెంచిరి. అమ్ముగూడలో పెరిగిన బలరాం అరవ కుటుంబమువాడు. తెలుగువారి ఆట యనుటకంటె తెలుగుగడ్డమీది ఆట యనుట న్యాయము. ఇవతలి గట్టున పల్నాటి బాలురకు చెడుగుడు ఉండెను, ఎడ్ల పందెములు ఉండెను. వాటికి ఖర్చు లేదు, గురువు ఇంటిలోనే ఉన్నాడు. కోస్తా జిల్లాల పెద్దలు ఈ కొత్త బంతిని పిలిచి పీట వేయలేదని మా అభిప్రాయము.

రహీం సాహెబు చివరి విజయము జకార్తాలో. 1962 సెప్టెంబరు 4న ఆసియా క్రీడల ఫైనలు. అంతకు ముందు ఇదే దక్షిణ కొరియా మనలను 2-0గా ఓడించియున్నది. ప్రేక్షకులలో చాలమంది మనకు ప్రతికూలురు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా 2-1గా స్వర్ణము మనది. గోలు కాచిన తంగరాజు, ముందు వెనుకల అలుపెరుగక తిరిగిన యూసుఫ్ ఖాన్ హైదరాబాదు నేల పెంచినవారే. తొమ్మిది నెలలు తిరిగినవి. 1963 జూన్ 11న శ్వాసకోశపు క్యాన్సరుతో రహీం మరణించినారు. ఆ తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణము మనకు రాలేదు. 1970లో బ్యాంకాకున కాంస్యము తెచ్చిన జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్‌యు హైదరాబాదువాడే.

కారణములు పలువురు పలు విధముల చెప్పుదురు. మంచి ఆటగాండ్రు కలకత్తా క్లబ్బులకు తరలిపోయినారు. బలరాం ఈస్ట్ బెంగాలుకు పోయెను, నయీముద్దీన్‌యు అదే దారి పట్టెను. క్రికెట్టు పిల్లల మనసు దోచినది. ఇవి నిజములే. కాని కలకత్తాకు క్రికెట్టు పోలేదా? అక్కడ నూరేండ్ల క్లబ్బులు నిలిచినవి. ఇక్కడ అంతయు ఒక పోలీసు జట్టుపైనను, ఒక ఉపాధ్యాయునిపైనను ఆధారపడినది. సెయింట్ లూయిస్ కథకును మన కథకును పోలిక ఇచ్చటనే.

2024లో రహీం జీవితముపై ‘మైదాన్’ అను హిందీ చిత్రము వచ్చినది. సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాదును, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌యు గెలిచియుండినవి. అటుపిమ్మట అది మన వైపు రాలేదు. 2024 డిసెంబరు 31 రాత్రి ఆ ట్రోఫీ ఫైనలు హైదరాబాదులోనే, గచ్చిబౌలి మైదానమున జరిగినది. ఆడినవారు బెంగాలువారును, కేరళవారును.