బడి, గుడి ఒకే కప్పు కింద
లూథరన్ సంఘాల చరిత్రలో పల్లె పంతులు



స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘం వారు అడిగారు. బేతంచెర్ల చరిత్ర అనగానే బిల్లసర్గం గుహలు, మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం, నాపరాయి గనులు గుర్తుకొస్తాయి. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో ఉన్నారు. నేను మన ఊరి మీదుగా పోయే రైలు దారి వెంట నడిచిన ఒక చదువు కథ చెబుతాను.

డిగ్రీ చదువుకు నేను మన స్టేషన్‌లో రైలెక్కి గుంటూరు వెళ్ళాను. అక్కడ నాతో చదివిన మిత్రుడొకడు పల్నాడు పల్లె నుంచి వచ్చినవాడు. సెలవులకు వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. ఆదివారం ఉదయం గంట మోగితే అతనితోపాటు నేనూ వెళ్ళాను. అది లూథరన్ సంఘం వారి మందిరం. ఒక గోడకు నల్లబల్ల ఉంది, దాని మీద ఎక్కాలు ఇంకా చెరిపి లేవు. ఎదురుగా బల్ల మీద సిలువ, బైబిలు. "ఇది బడా, గుడా?" అని అడిగాను. "వారమంతా బడి, ఆదివారం గుడి. మా తాత రెండింటికీ పంతులు" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాత నేనూ సోషల్ టీచరునయ్యాక ఆ చరిత్రను వీలైనంత చదివాను.

మన రైలు దారినే ఒక పటంలా చూడండి. నంద్యాల, గిద్దలూరు ప్రాంతాల్లో పనిచేసినవారు ఇంగ్లండుకు చెందిన ఎస్.పి.జి. మిషన్ వారు. నంద్యాలలోని ఎస్.పి.జి. హైస్కూలు పేరు వినని వాళ్ళు మనలో ఉండరు. ఆళ్ళగడ్డ వైపు ముత్యాలపాడు వారి పాత కేంద్రం. నల్లమల దాటి కంభం, మార్కాపురం, వినుకొండ చేరితే అక్కడ అమెరికన్ బాప్టిస్టులు. దారి చివర గుంటూరు, పల్నాడు లూథరన్లకు పెద్ద కేంద్రాలు. పేర్లు, పద్ధతులు వేరైనా మూడు చోట్లా పల్లెల్లో జరిగిన పని ఒకటే. సంఘం ఎక్కడ పుట్టిందో అక్కడ ఒక చిన్న బడి లేచింది. లూథరన్ల ఆరాధన పద్ధతి చూస్తే ఎందుకలా జరిగిందో బాగా తెలుస్తుంది.

లూథరన్లకూ తెలుగు అచ్చుకూ ఉన్న సంబంధం గుంటూరు కంటే పాతది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో ఉండగా తెలుగు నేర్చుకున్నారు. తిరిగి వెళ్ళాక 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. వాటిలో ఒకటి మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి. ఇంట్లో పిల్లలకు, పనివాళ్ళకు మతం నేర్పడానికి ప్రశ్న, జవాబు రూపంలో రాసిన చిన్న పుస్తకం అది. అంటే అది కూడా ఒక పాఠ్యపుస్తకమే.

గుంటూరుకు లూథరన్లు వచ్చింది 1842 జూలై 31న. ఆ వచ్చినవారు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. జర్మనీలో పుట్టి, అమెరికాలో పాదిరిగా పనిచేసి, 49వ ఏట ఇక్కడికి వచ్చారు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించి గుంటూరులో ఉండమన్నారు. హయ్యర్ వచ్చిన కొద్ది కాలానికే బడులు తెరిచారు. 1849లో పల్నాడు వెళ్ళి గురజాలలో పని మొదలుపెట్టారు. రాజమండ్రి వైపు జర్మన్లు నడిపిన మిషన్ కూడా తర్వాత అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. ఆ రాజమండ్రి పని నిలబెట్టడానికి హయ్యర్ 1869లో, 76 ఏళ్ళ వయసులో, మూడోసారి సముద్రం దాటి వచ్చారు. ఈ సంఘాలన్నీ కలిసి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి.

ఇక ఆరాధన సంగతి. లూథరన్ ఆరాధనకు ఒక క్రమం ఉంది. మొదట అందరూ కలిసి పాపాలు ఒప్పుకుంటారు, పాదిరి క్షమాపణ ప్రకటిస్తారు. కీర్తనలు పాడతారు. పత్రికల నుంచి ఒక భాగం, సువార్త నుంచి ఒక భాగం చదువుతారు. విశ్వాస ప్రమాణం అందరూ లేచి నిలబడి చెబుతారు. ప్రసంగం, కానుకలు, ప్రార్థన, ఏర్పాటైన ఆదివారాల్లో ప్రభురాత్రి భోజనం, చివర ఆశీర్వాదం. పాదిరి ఒక మాట అంటే సంఘం ఒక మాట జవాబు చెప్పాలి. ఊరకే కూర్చుని వినిపోతే ఆ ఆరాధన సాగదు.

ఆ సంఘంలో ఉన్నది ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల జనం. పాలేర్లు, కూలీలు, పశువులు కాసే పిల్లలు. ఊరి బడి మెట్టు ఎక్కే వీలు లేనివాళ్ళు. అలాంటివాళ్ళ చేతికి ఆరాధన పుస్తకం ఇచ్చి, నువ్వూ చదువు, నువ్వూ జవాబు చెప్పు అనాలంటే ముందు అక్షరం రావాలి. బాప్తిస్మం పొందిన పిల్లలు పెద్దయ్యాక పూర్తి సభ్యులు కావడానికి ప్రశ్నోత్తరి నేర్చుకుని సంఘం ముందు ఒప్పజెప్పాలి. అందుకని మందిరం కట్టినచోట బడి తప్పనిసరి అయింది. రెండు పాకలు వేసే స్తోమత లేనిచోట ఒక్క పాకే రెండూ అయింది.

దీక్ష పొందిన పాదిరి ఒక్కరే చాలా ఊళ్ళు చూడాలి. ఆయన ఊరికి వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఆయన రాని ఆదివారాలు ఆరాధన నడిపేది ఎవరు? బడిపంతులే. పగలు చిన్నపిల్లలకు ఓనమాలు. పొద్దుగూకి కూలి నుంచి వచ్చాక పెద్దలకు రాత్రి బడి, ఆ వెంటనే ప్రార్థన. ఒకే లాంతరు వెలుగులో రెండూ జరిగేవి. రోగం వస్తే ఆయన్నే పిలిచేవారు, అర్జీ రాయాలంటే ఆయనే రాసేవాడు, సాగనంపేటప్పుడు సమాధి దగ్గర ప్రార్థనా ఆయనదే. మన రాయలసీమలో అయ్యవారు అంటే బడిపంతులు. సంఘాల్లో అయ్యగారు అంటే పాదిరి. ఈ రెండు పిలుపులూ పక్కపక్కనే ఉండటం వింతేమీ కాదు.

జీతం కొద్దిపాటిది. 1854లో వచ్చిన వుడ్ నివేదిక తర్వాత ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి మొదలైంది. తనిఖీ అధికారి వచ్చిన రోజు పిల్లలు బాగా చదవకపోతే గ్రాంటుకే ముప్పు. కోతల కాలంలో పిల్లలు పొలాలకు పోతారు, హాజరు పడిపోతుంది. ఇంటింటికీ తిరిగి, తల్లిదండ్రులను బతిమాలి పిల్లలను బడికి తెచ్చుకోవడం ఆ పంతులు పనిలో భాగం. ఇక్కడున్న మన టీచర్లకు ఆ బాధ నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

పాట ఈ చదువుకు పెద్ద తోడు. "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అన్న పాటల పుస్తకం లూథరన్లకే కాదు, బాప్టిస్టులకు, సి.ఎస్.ఐ. వారికి కూడా ఉమ్మడి ఆస్తి. 19వ శతాబ్దపు కవి పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి. పొలం పాటలు తప్ప మరో సంగీతం అందని జనం నోట ఆ రాగాలు పలికాయి. అక్షరం రాని ముసలమ్మ కూడా పాట ముందుగా కంఠతా పట్టి, తర్వాత పుస్తకంలో ఆ మాట ఎక్కడుందో వేలుపెట్టి వెతుక్కునేది. చదువు అలా కూడా వస్తుంది.

ఏడాది పొడవునా సంఘానికి తన పండుగలున్నాయి. క్రిస్మస్‌కు ఇంటింటికీ పాటలు, గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటల ధ్యానం, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన. కోత పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు తెచ్చి ఇస్తే ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది, వారానికోసారి అది సంఘానికి చేరుతుంది. అమెరికా నుంచి సొమ్ము తగ్గినప్పుడు పల్లె సంఘాలకు ఆసరాగా మిగిలినవి ఇలాంటి పిడికెళ్ళే.

ఆడవాళ్ళ చదువు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటింటికీ తిరిగి చదివి వినిపించే బైబిలు స్త్రీలు ఉండేవారు. జీతం తీసుకుని చదువుతో బతికిన తొలితరం పల్లె ఆడవాళ్ళలో వారున్నారు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1898లో ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి తెరిచారు. చదువుకున్న ఆడపిల్లలకు పంతులమ్మ ఉద్యోగంతోపాటు నర్సు ఉద్యోగం అనే దారి కూడా కనబడింది.

అయితే కథ మొత్తం వెలుగే అనడం చరిత్ర కాదు. అందరం ఒక్కటే అని ఆదివారం చెప్పుకున్నా, మాల, మాదిగ తేడా సంఘాల్లోకీ వచ్చింది. పెళ్ళి సంబంధాల్లో, ఒక్కోచోట కూర్చునే చాపల దగ్గర కూడా అది కనబడింది. పెద్ద నిర్ణయాలు చాలాకాలం తెల్లదొరల చేతుల్లోనే ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డు కులాల జాబితాలో లేకుండా పోయారు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సి గ్రూపులో చేర్చారు. మతం మారినా ఊళ్ళో అంటరానితనం మారలేదు కదా అన్న వారి ప్రశ్న ఇప్పటికీ తేలలేదు. మన తరగతుల్లో మన పక్కన కూర్చుని చదివిన మిత్రులకు ఈ ప్రశ్న పుస్తకంలోది కాదు, ఇంటిది.

మన రైలు దారిలోని వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు ఈ రెండు వైపులనూ చూసినవారు. గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్ళు పనిచేశారు. అంటే పల్లెలకు వెళ్ళబోయే పంతుళ్ళను తయారుచేసిన గురువు ఆయన. కులం చూసి కొందరు దూరం పెడితే, పురాణ కథలు రాస్తున్నాడని కొందరు క్రైస్తవ పెద్దలు తప్పుపట్టారు. 1941లో వచ్చిన "గబ్బిలం" కావ్యంలో, గుడిలోకి తనకు లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది కనుక దాని చేత శివుడికి తన గోడు చెప్పి పంపుతాడు కథానాయకుడు. ఆ కావ్యం మన తెలుగు సార్లు పాఠం చెబుతుంటే విన్నవాళ్ళం మనం.

నా మిత్రుడి తాతగారి పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. హయ్యర్ గారి పేరు, కుగ్లర్ గారి పేరు భవనాల మీద, పుస్తకాల్లో ఉన్నాయి. ఉండవలసినవే. కానీ నల్లబల్ల ముందు నిలబడి, లాంతరు ఒత్తి ఎగదోసి, మొదటి అక్షరం దిద్దించిన పల్లె పంతుళ్ళ పేర్లు ఇంటివాళ్ళ జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేవు. ఆ ఇంటివాళ్ళు పోతే అవీ పోతాయి. ఇది లూథరన్ల ఒక్కరి సంగతి కాదు. నంద్యాల వైపు ఎస్.పి.జి. బడుల్లో, మన పల్లెల వీధి బడుల్లో, మసీదు పక్కన ఉర్దూ బడుల్లో చెప్పినవారి సంగతీ ఇంతే.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంగా ఒక మనవి. మనలో ప్రతి ఒక్కరం మన ఇంట్లో మొదట చదువుకున్నది ఎవరు, వారికి అక్షరం నేర్పింది ఎవరు, ఏ ఊళ్ళో, ఏ పాకలో, ఏ చెట్టు కింద అని పెద్దవాళ్ళను అడిగి రాసి సంఘానికి ఇద్దాం. రాయి మన ఊళ్ళోనే ఉంది, చెక్కేవాళ్ళూ మన మధ్యే ఉన్నారు. బడి ఆవరణలో ఒక పలక నిలబెట్టి ఆ పేర్లు చెక్కిద్దాం. ఆ పేర్లు చదవగలిగేలా మనల్ని చేసింది వాళ్ళే కదా.