సూర్యుడి వృద్ధాప్యం

మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర శిష్యరికం చేసిన జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపారు. 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే గమనించారు. అయితే సూర్యుడు దేనితో వెలుగుతున్నాడో, ఎన్నాళ్లు వెలుగుతాడో అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

తొలి ఆధారం మాత్రం తెలుగు జిల్లాల్లోనే దొరికింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో, ఆయన సహాయకులు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ఓ పసుపు గీత కనిపించింది. హీలియాన్ని జాన్సెన్ గుంటూరులోనే కనుగొన్నారని చెప్పుకుంటారు గానీ, అది కొంత అతిశయోక్తే. ఆ గీత కొత్త మూలకానిదని వాదించినవారు లండన్‌లో లాక్యర్. భూమి మీద హీలియం రామ్సేకి చిక్కింది 1895లో.

ఆ హీలియమే సూర్యుడి పొయ్యిలో మిగిలే బూడిద. హైడ్రోజన్ హీలియంగా మారడమే నక్షత్రాల శక్తికి మూలం కావచ్చని 1920లో ఎడింగ్టన్ ఊహించారు. ఆ చర్యల లెక్కను 1939లో బేతే తేల్చారు. సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఖర్చు చేస్తాడు. వయసు 460 కోట్ల ఏళ్లు. గర్భంలో ఇంధనం ఇంకో 500 కోట్ల ఏళ్లకు సరిపోతుంది.

భూమికి చిక్కు అంతకంటే ముందే వస్తుంది. వంద కోట్ల ఏళ్లకు సూర్యకాంతి దాదాపు పది శాతం పెరుగుతుంది, సముద్రాలు నిలవడం కష్టం. హైడ్రోజన్ అయిపోయాక గర్భం కుంచించుకుపోతుంది, పైపొరలు ఉబ్బి సూర్యుడు అరుణ మహాతార అవుతాడు. బుధుడూ శుక్రుడూ అందులో కలిసిపోతారు. భూమి సంగతి మీద శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. గర్భం 10 కోట్ల డిగ్రీలకు చేరితే హీలియం కార్బన్‌గా, ఆక్సిజన్‌గా మారుతుంది. తర్వాత పైపొరలు అంతరిక్షంలోకి చెదిరిపోయి, భూమి అంత పరిమాణంలో శ్వేత కుబ్జతార మిగిలి, నెమ్మదిగా చల్లారుతుంది.

అలాంటి తార ద్రవ్యరాశికి హద్దు ఉందని 1930లో ఇంగ్లండు వెళ్లే ఓడలో లెక్క వేసినవారు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ హద్దు సూర్యుడికి సుమారు 1.4 రెట్లు. సూర్యుడు దాని దరిదాపులకైనా రాడు, కాబట్టి పేలడు. కార్బన్, ఆక్సిజన్ దాటి ఇనుము దాకా పోయే బలమూ లేదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి చేరే బైలదిల్లా ఖనిజంలోని ఇనుము, సూర్యుడు పుట్టకముందే పేలిపోయిన వేరే నక్షత్రాలలో తయారైంది.